ఎక్కదలచినవారి సందేహాలు

ప్రశ్న: నా వయసు 44 సంవత్సరాలు. రాజమహేంద్రవరంలో ప్రభుత్వోద్యోగిని. పోయిన ఏడాది మా నాన్నగారు కాలం చేశారు. కోటిలింగాల రేవులో కర్మకాండ ముగించుకొని ఇంటికి వచ్చిన రోజు నుంచి, ఈ ఉద్యోగం, ఈ ఇల్లు, ఈ పొదుపు అంతా దేనికోసమన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆధ్యాత్మిక మార్గంలో నడవాలని గట్టిగా అనుకొని, ఏడాదిలో కొన్నాళ్లు శ్వాస మీద ధ్యానం, కొన్నాళ్లు పంచాక్షరీ జపం, కొన్నాళ్లు లలితా సహస్రనామ పారాయణ చేశాను. ఇప్పుడు ఒక స్నేహితుడి సలహాతో 'నేనెవరు' అన్న విచారణ మొదలుపెట్టాను. ఏదీ కుదరలేదు సరికదా, కూర్చున్నప్పుడల్లా మనసు ఇదివరకటికంటే ఎక్కువగా పరుగెడుతోంది. వివేకం, వైరాగ్యం, శమదమాదులు (మనసును, ఇంద్రియాలను అదుపులో ఉంచుకోవడం వంటివి), మోక్షం మీద కోరిక ఉన్నవాడే అర్హుడని ఒక ప్రవచనంలో విన్నాను. వాటిలో ఒక్కటీ నాలో ఉన్నట్టు తోచడం లేదు. నేను ఈ దారికి పనికిరానా?

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీరు విన్న ఆ నాలుగు అర్హతలకు సాధన చతుష్టయమని పేరు. బ్రహ్మసూత్రాలు 'అథాతో బ్రహ్మజిజ్ఞాసా' అని మొదలవుతాయి. 'అథ' అంటే అటుపిమ్మట. దేనికి పిమ్మట అన్న ప్రశ్న వేసుకొని, ఈ నాలుగూ సమకూరిన పిమ్మట అని శంకరులు తమ భాష్యంలో వివరించారు. అయితే అది వేదాంత విచారణకు కూర్చోబోయే శిష్యుడి గురించి చెప్పిన మాట. దానిని భక్తికి, జపానికి, నియమబద్ధమైన జీవితానికి కూడా ప్రవేశ పరీక్షగా భావించడం వల్ల ఎందరో గుమ్మం దగ్గర నుంచే వెనుదిరుగుతున్నారు. భగవద్గీత ఆరో అధ్యాయం మూడో శ్లోకంలో 'ఆరురుక్షువు' అనే పదం ఉంది. ఎక్కదలచినవాడు అని దాని అర్థం. యోగాన్ని ఎక్కదలచినవాడికి కర్మ సాధనమనీ, ఎక్కినవాడికి శమం, అంటే ప్రశాంతత, సాధనమనీ ఆ శ్లోకం రెండు దశలను విడదీసి చెప్పింది. ఇంకా ఎక్కని మీరు, ఎక్కినవాడికి ఉండవలసిన శమం తనలో లేదని దిగులుపడుతున్నారు. మీకు కావలసినదల్లా పని, అంటే రోజూ చేయగలిగిన ఒక చిన్న అనుష్ఠానం.

మీలో వైరాగ్యం బొత్తిగా లేదన్నది కూడా నిజం కాదు. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మన పెద్దలు మూడు చెబుతారు. పురాణం విని లేచేదాకా ఒకటి, నొప్పులు తగ్గేదాకా ఒకటి, కాష్ఠం దగ్గర నుంచి ఇంటికి వచ్చి స్నానం చేసేదాకా ఒకటి. మూడూ నిలవనివని చెప్పడానికి ఈ మాటలను ఎగతాళిగా వాడతాం. నేను మాత్రం శ్మశాన వైరాగ్యాన్ని తేలికగా తీసుకోను. 1896లో మదురైలో 16 ఏళ్ల వేంకటరమణుడనే కుర్రవాడిని ఉన్నట్టుండి ఆవరించిన మృత్యుభయమే ఆయనను రమణ మహర్షిని చేసిన విచారణకు మొదలు. ప్రస్తుతం మీరు చేస్తున్నది ఆ విచారణే. తేడా ఏమిటంటే, ఆయనకు ఒక్కసారి అంటుకున్నది మళ్లీ ఆరలేదు, మనకు ఆరిపోతుంది. అందుచేత ఈ దుఃఖం ఇచ్చిన వేడి మీద ఉద్యోగానికి రాజీనామా చేయడం, పొలం అమ్మి ఏదో ఆశ్రమానికి రాసివ్వడం, ఇంట్లో వాళ్లతో మాటలు తగ్గించడం వంటి నిర్ణయాలేవీ తీసుకోకండి. ఆ వేడి ఉండగానే ఒక అలవాటును మాత్రం పాదుకొల్పండి. వేడి తగ్గాక మిమ్మల్ని మోసేది ఆ అలవాటే.

ఇక నాలుగు పద్ధతులు మార్చిన సంగతి. నాలుగు చోట్ల పదేసి అడుగులు తవ్వి నీళ్లు పడలేదన్నవాడి కథ మీరు వినే ఉంటారు కనుక దానిని మళ్లీ చెప్పను. నా కంటికి ఆనినది వేరే విషయం. ఏడాదిలో మీరు నాలుగుసార్లు మొదలుపెట్టారంటే, ప్రతి పద్ధతిలోనూ దాదాపు ఒకే చోట ఆగి ఉంటారు. కొత్తదనం తీరిపోయి, విసుగు మొదలైన చోట అది. తిరుమలకు అలిపిరి దారిన నడిచి వెళ్లినవారికి ఇది బాగా తెలుస్తుంది. గాలి గోపురం దాకా మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, ఆయాసం వస్తుంది, గోవింద నామాలు వినిపిస్తాయి, పది మెట్లు ఎక్కితే పది మెట్లు ఎక్కామన్న తృప్తి ఉంటుంది. గాలి గోపురం దాటాక చాలా దూరం ఇంచుమించు సమతలంగా సాగుతుంది. అక్కడ ఎంత నడిచినా పైకి వెళుతున్నట్టే అనిపించదు. మోకాలి మెట్టు అనే మరో నిటారు ఎక్కుడు ఇంకా ముందు ఉంటుంది. ఆ మధ్య దారిలో నడుస్తున్నవాడు కొండ ఎక్కడం లేదని ఎవరైనా అంటారా? మీరు ప్రతిసారీ ఆ చదునైన చోటికి చేరగానే, ఇది దారి కాదేమోనని మళ్లీ అలిపిరికి దిగివస్తున్నారు.

యోగసూత్రాల మొదటి పాదంలో పతంజలి తొమ్మిది అంతరాయాలను పేర్కొన్నాడు. వ్యాధి, స్త్యానం అనే మనోజడత్వం, సంశయం, ఏమరుపాటు, సోమరితనం, విషయాల మీద మమకారం తగ్గకపోవడం, లేనిదాన్ని ఉన్నట్టు చూసే భ్రాంతి, ఎంత చేసినా ఒక మెట్టు అందకపోవడం, అందిన మెట్టు మీద నిలవలేకపోవడం. మీరు అనుభవిస్తున్నది ఎనిమిదోది. దానికి 'అలబ్ధభూమికత్వం' అని పేరు. అంటే మీ అవస్థ మీ ఒక్కరి అనర్హత కాదు, వేల సంవత్సరాలుగా నడిచినవారందరికీ తగిలి, పేరు కూడా పెట్టించుకున్న అడ్డంకి. దీనికి పతంజలి చెప్పిన మందు ఇంకా ఆసక్తికరమైనది: 'తత్ప్రతిషేధార్థమేకతత్త్వాభ్యాసః'. వాటిని తొలగించుకోవడానికి ఒక్క తత్త్వాన్నే అభ్యసించాలి. ఏ తత్త్వమన్నది అక్కడ చెప్పలేదు, ఒక్కటి అని మాత్రం చెప్పాడు.

మనసు మునుపటికంటే ఎక్కువ పరుగెడుతోందన్న భయం దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. రాత్రిపూట కరెంటు పోయి ఫ్యాను, ఫ్రిజ్ ఆగిపోగానే గోడ గడియారం చప్పుడు పెద్దగా వినిపిస్తుంది. గడియారం అప్పుడు కొత్తగా కొట్టుకోవడం మొదలుపెట్టలేదు. మీ మనసు ఇలా పరుగెత్తడం మీకు 44 ఏళ్లకు మొదటిసారి వినిపించింది, అంతే.

ఏం చేయాలన్నది ఇప్పుడు చెబుతాను. మీరు ప్రయత్నించిన నాలుగింటిలో ఒకటి ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు ఏది గొప్పది అని చూడకండి. జ్వరం వచ్చిన రోజున, ఆఫీసులో మాట పడిన రోజున కూడా ఏది చేయగలరో దానిని పట్టుకోండి. పంచాక్షరీ అయితే 108 పూసల మాల ఒకటి, రోజూ ఒకే చోట, ఒకే వేళకు చేయండి. ఆరు నెలల పాటు మార్చవద్దు, పెంచవద్దు, ఎవరికీ చెప్పవద్దు. చెప్పవద్దనడానికి రహస్యమేదో ఉండి కాదు, చెప్పగానే మనం సాధన మాని సాధకుడి పాత్ర పోషించడం మొదలుపెడతాం కనుక. దీర్ఘకాలం, ఎడతెగకుండా, సత్కారంతో సేవిస్తేనే అభ్యాసం గట్టిపడుతుందని పతంజలి అన్నాడు. మొదటి రెండూ అందరూ చెప్పేవే. మూడోది మన దృష్టికి రాదు. సత్కారమంటే మనకు శాలువా కప్పడం గుర్తుకు వస్తుంది. ఆ అర్థమే ఇక్కడ కూడా పెట్టుకోండి. ఇంటికి వచ్చిన పెద్దమనిషిని ఎలా కూర్చోబెడతామో, ఆ పావుగంటను అలా కూర్చోబెట్టాలి. ఫోను చూస్తూ అతిథితో మాట్లాడం కదా.

మరొక్క మాట. పతంజలి జాబితాలో మొదటిది వ్యాధి. తండ్రిగారు పోయాక మీకు నెలల తరబడి నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం వంటివి ఉంటే దానిని వైరాగ్యమని పొరబడకండి. వైద్యుణ్ణి కలవండి. మాలతో కుదిరేది ఒకటి, మందుతో కుదిరేది ఒకటి. ఒకదాని పని మరొకదానికి అప్పగించకూడదు.

ప్రశ్న: నేను కరీంనగర్‌లో గృహిణిని. మంచం పట్టిన మా అత్తమ్మను, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలను చూసుకోవాలి. తెల్లవారుజామున లేచి పూజలో కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తారు. వెంటనే కోపం వస్తుంది, కసురుకుంటాను, తరువాత రోజంతా తప్పు చేశానన్న బాధ. సంసారంలో ఉన్నంతకాలం సాధన కుదరదేమోనని అనిపిస్తోంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నా సంగతే గుర్తుకు వచ్చింది. నాకు 31 ఏళ్లు ఉన్నప్పుడు లక్ష జపం చేస్తానని సంకల్పం చెప్పుకున్నాను. తెల్లవారి నాలుగింటికి లేచేవాణ్ణి. వంటింట్లో గిన్నె పడితే లోపలి నుంచే అరిచేవాణ్ణి. మూడో వారంలో మా ఆవిడ, 'మీరు జపం చేసుకుని లేచాక మీతో మాట్లాడాలంటే పిల్లలకు భయంగా ఉంటోంది' అని మెల్లగా అంది. ఆ మాటకు అప్పుడు ఇంకా కోపం వచ్చింది. లక్ష ఎన్నడూ పూర్తికాలేదు. నా జపం మా ఇంటికి ఏం చేస్తోందో లెక్క చెప్పింది మాత్రం ఆ ఒక్క వాక్యమే. అందుకే సాధన సాగుతోందా లేదా అన్నదానికి వెలుగులు కనిపించడాన్ని, ఒళ్లు పులకరించడాన్ని నేను గుర్తుగా తీసుకోను. పిలుపు వినబడినప్పుడు గొంతులోకి కోపం రావడానికి పట్టే వ్యవధి కొద్దిగా పెరిగిందా అని చూస్తాను.

మీకు ఆ కోపం తెలుస్తోంది, తరువాత బాధ కలుగుతోంది. అది వెనుకబాటు కాదు. కాని బాధను రోజంతా మోయడం వల్ల లాభం లేదు. కసురుకున్న మనిషి దగ్గరికి వెళ్లి ఒక మంచి మాట చెప్పి, దానిని అక్కడితో వదిలిపెట్టండి. పైన చెప్పిన 'ఒక్క తత్త్వం' సూత్రాన్ని ఆనుకునే పతంజలి, మనసు తేటపడడానికి నాలుగు వైఖరులు సూచించాడు: సుఖంగా ఉన్నవారిపట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవారిపట్ల కరుణ, మంచి చేసేవారిని చూసి సంతోషం, చెడు చేసేవారిపట్ల పట్టించుకోనితనం. మనం సాధారణంగా దీన్ని తిరగేసి నడుస్తాం. సుఖపడేవారిని చూసి అసూయపడతాం, చెడ్డవారి గురించే గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. ఈ నాలుగింటిని అభ్యసించడానికి అడవికంటే ఇల్లే అనువైనది, ఎందుకంటే నలుగురు మనుషులూ అక్కడే దొరుకుతారు.

అయితే, సేవే సాధన అన్న మాటను అడ్డం పెట్టుకొని ఇంటి చాకిరీ అంతా ఒక్కరి నెత్తిన వేసేవారు ఉన్నారు. నేను ఆ పక్షం కాదు. రోజుకు 20 నిమిషాలు మీవి. ఆ కాసేపు అత్తమ్మ బాధ్యతను మీ భర్తగారికి అప్పగించండి. తెల్లవారుజాము కుదరకపోతే పిల్లలు బడికి వెళ్లాక కూర్చోండి. వేళ మారితే దేవుడికి అభ్యంతరం ఉండదు, వేళ రోజుకొకటి అయితే మీ మనసుకే ఇబ్బంది.

ప్రశ్న: హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. రెండు సంవత్సరాలుగా 41 రోజుల అయ్యప్ప మండల దీక్ష తీసుకుంటున్నాను. ఆ రోజుల్లో నేను వేరే మనిషిని. మాల తీసిన వారానికి అన్ని అలవాట్లూ తిరిగి వస్తాయి. ఇది నటనేనా?

జవాబు: నటన కాదు, కాని మీ ఒక్కరి బలం కూడా కాదు. నల్లని బట్టలు, చన్నీటి స్నానం, నేల మీద పడక, సాత్త్వికమైన భిక్ష, చుట్టూ అదే నియమంలో ఉన్న స్వాములు, మిమ్మల్ని చూడగానే సిగరెట్టు దాచేసే స్నేహితులు, వీరందరూ కలిసి ఆ 41 రోజులు మిమ్మల్ని నిలబెట్టారు. మాల తీయగానే అన్ని ఊతలూ ఒకేసారి పోయాయి. పందిరి ఒక్కసారిగా లాగేస్తే తీగ నేల మీద పడడంలో వింతేముంది? ఈసారి మాల తీసేటప్పుడు దీక్షలోని నియమాలలో ఒక్కదాన్ని మాత్రం 42వ రోజుకు తీసుకువెళ్లండి. ఏదని అడిగితే, నా ఎంపిక చన్నీటి స్నానం కాదు. దీక్షలో ఉండగా మీరు ఆటో నడిపే అతణ్ణి, మీ పై అధికారిని, కూరగాయలమ్మే కుర్రవాణ్ణి అందరినీ 'స్వామీ' అనే పిలిచారు. పైకి అనకపోయినా ఫర్వాలేదు, ఎదుటి మనిషిని పలకరించేముందు లోపల ఆ పిలుపును అనుకోండి. ఆ నియమాలన్నిటిలో మనసు దాకా వెళ్లేది అదే అని నా అభిప్రాయం.

ప్రశ్న: వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాను. దేవుడు ఉన్నాడని నాకు నమ్మకం లేదు, లేడని చెప్పే ధైర్యమూ లేదు. నమ్మకం లేకుండా మొదలుపెడితే అది మోసం కాదా?

జవాబు: మీ ఊరికి దగ్గరలోని బమ్మెరలో పుట్టిన పోతన, మొసలి పట్టిన గజేంద్రుడి చేత ఏమనిపించాడో ఒకసారి గుర్తుచేసుకోండి. దీనుల పట్ల ఉన్నాడంటారు, యోగుల సమూహాల మధ్య ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు అని చెబుతూ వచ్చి, చివరికి 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అంటాడు. ఉన్నాడు ఉన్నాడని అందరూ చెప్పేవాడు ఇంతకీ ఉన్నాడా అని. తెలుగువారి అత్యంత ప్రసిద్ధమైన ప్రార్థనలో సందేహం ఇంత బాహాటంగా కూర్చుని ఉంది. పోతన దానిని చెరిపేయలేదు. గజేంద్రుడు సందేహం తీరాక ప్రార్థించలేదు, సందేహంతోనే ప్రార్థించాడు. గీత ఏడో అధ్యాయంలో భగవంతుణ్ణి సేవించేవారిని నాలుగు రకాలుగా చెప్పినప్పుడు ఆర్తుడు (ఆపదలో ఉన్నవాడు), అర్థార్థి (సంపద కోరేవాడు), జ్ఞానిలతో పాటు జిజ్ఞాసువును కూడా చేర్చారు. జిజ్ఞాసువు అంటే తెలుసుకోగోరేవాడు. ముందే తెలిసినవాడికి ఆ పేరు పొసగదు.

పతంజలి సంశయాన్ని అంతరాయాలలో చేర్చాడు కదా అని మీరు అడగవచ్చు. తెలుసుకోవడానికి అడుగు వేయనిచ్చే సందేహం ఒకటి, అడుగు వేయకుండా ఉండడానికి సాకుగా పనికొచ్చే సందేహం ఒకటి. పతంజలి చెప్పింది రెండోది. మీది ఏదన్నది మీరే గమనించాలి. నమ్మకం ఉన్నట్టు నటించకండి. రోజూ పది నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోండి, అబద్ధం చెప్పకుండా ఒక్క రోజు గడపడానికి ప్రయత్నించండి. ఈ రెండింటికీ ఏ నమ్మకమూ అవసరం లేదు.

ప్రశ్న: గురువు లేకుండా మొదలుపెట్టవచ్చా? మా బంధువులు వెళ్లే ఒక చోట ఉపదేశానికి పెద్ద మొత్తం అడుగుతున్నారు.

జవాబు: మొదలుపెట్టవచ్చు. నామజపానికి, స్తోత్ర పారాయణకు, ప్రవర్తన దిద్దుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. బీజాక్షరాలతో కూడిన మంత్రాలు, ప్రాణాయామంలో ఊపిరి బిగబట్టే పద్ధతులు మాత్రం తెలిసినవారి దగ్గర నేర్చుకోవలసినవే. గురువును ఎలా ఆశ్రయించాలో చెప్పే గీతాశ్లోకంలో ప్రణిపాతం (సాగిలపడి నమస్కరించడం), సేవ అన్న మాటల మధ్య 'పరిప్రశ్న' అన్న మాట ఉంది, అంటే అన్ని వైపుల నుంచీ అడగడం. మొదటిదీ మూడోదీ కోరుకుంటూ, నడిమి మాటను సహించని చోట కూర్చోకండి. మీ బంధువులు వెళ్లే చోట ఒక్క ప్రశ్న అడిగి చూడండి. డబ్బు సంగతి ఆ తరువాత ఆలోచించనక్కర ఉండకపోవచ్చు.

ప్రశ్న: నియమంగా జపం చేస్తున్నా, ప్రయాణాల వల్ల అప్పుడప్పుడు ఒక రోజు తప్పిపోతోంది. అంతకుముందు చేసినదంతా వృథా అయినట్టేనా?

జవాబు: 'నేహాభిక్రమనాశోఽస్తి' అని గీత రెండో అధ్యాయం చెబుతోంది. ఈ మార్గంలో మొదలుపెట్టిన ప్రయత్నం నశించడమన్నది లేదు. రైలులో కూర్చొని మనసులో చేసుకున్నా జపమే. అదీ కుదరకపోతే పోనివ్వండి. మరునాడు రెండు మాలలు తిప్పి లెక్క సరిచేయాలని మాత్రం చూడవద్దు. ఎప్పటిలాగే ఒక్క మాల చేసి లేవండి.